పాలుకు మేపిన పొట్టేలు

"మళ్లీ లేటేనా జీవితా? పది గంటలకు రమ్మంటే పదిన్నరకు రావడమేనా క్రమశిక్షణ?"

కుట్టుమిషన్ల మధ్య నిలబడి స్వర్ణలత గట్టిగానే అడిగింది. గడప దగ్గర ఆగిపోయిన పిల్ల చున్నీతో మొహం తుడుచుకుంది. ఆ చున్నీకి తుమ్మముళ్లు గుచ్చుకుని ఉన్నాయి. ముందు వరసలో ఇద్దరు అమ్మాయిలు ముక్కులు మూసుకుని ఒకరినొకరు చూసుకుని నవ్వారు.

"జీవాలను నీడకు తోలి వచ్చేసరికి ఇంతసేపయింది మేడమ్. ఎండ శానా ఉండాది, వదిలేసి రాలేక..."

"ఎండ నీ ఒక్కదానికేనా? పో, కూర్చో. రేపటి నుంచి పది దాటితే లోపలికి రానివ్వను."

జీవిత వెళ్లి మూలన ఉన్న మిషను దగ్గర కూర్చుంది. ఇందులో తప్పేముంది, శిబిరం నడిపే మనిషి ఆ మాత్రం కోప్పడకపోతే ఎలా అని మనకు అనిపిస్తుంది. స్వర్ణలతకూ అలాగే అనిపించింది. నలభై అయిదు రోజుల శిబిరంలో దాదాపు రోజూ అలాగే అనిపిస్తూ వచ్చింది.

వేంపల్లెకు ఆరు మైళ్ల దూరంలో ఉన్న గుట్టకిందపల్లెలో ఆ ఏడు మండల యువ వికాస కేంద్రం వాళ్లు వేసవి శిబిరం పెట్టారు. పద్దెనిమిదేళ్లు నిండని పల్లె పిల్లలకు కుట్టుపని, పెరటి తోట, కంప్యూటరు, జీవాల పెంపకం నేర్పాలి. జీవాలంటే మనవైపు గొర్రెలూ మేకలే గదా. ఇవన్నీ నేర్పడానికి పెట్టిన మనిషి స్వర్ణలత ఒక్కతే. పైనుంచి వచ్చిన కంప్యూటర్లు మూడు, పనిచేసేది ఒకటి. తోటకు విత్తనాలు వచ్చాయిగానీ, వచ్చేసరికి బోరు ఎండిపోయింది. అవన్నీ అడిగితే జవాబు ఉండదు. రోజుకు ఇరవై ఫోటోలు పంపకపోతే మాత్రం సాయంత్రానికల్లా ఫోను మోగేది. అమ్మ పెట్టాపెట్టదు, అడుక్కుతిననివ్వదు అన్నట్టుంది ఆమె ఉద్యోగం. ఒళ్లు మండిపోయేది. ఆ మంటను ఎవరి మీద చూపాలో తెలియక ఆలస్యంగా వచ్చిన పిల్లల మీద చూపేది.

శిబిరానికి షెడ్డు ఇచ్చింది భూపేష్ రెడ్డి. వేంపల్లెలో ఎరువుల దుకాణం, ఊళ్లో ముప్పై ఎకరాలు, చుట్టుపక్కల నాలుగు పల్లెల్లో మాట చెల్లుబాటయ్యే మనిషి. అందరికీ ఆయన భూపేష్ అన్న. చెడ్డవాడు కాడు. పిల్లలకు రోజూ మజ్జిగ కూడా ఆయన ఇంటినుంచే వచ్చేది.

శిబిరం మొదలైన రోజున పేర్లు రాయించుకోవడానికి అందరికంటే ముందు వచ్చింది జీవిత. ఏసన్న, జీవమ్మల కూతురు. ఇంటర్ పాసై, పై చదువు చదివించే తాహతు లేక ఇంట్లో ఉంది. జీవాల పెంపకంలో మండలానికి మొదటి స్థానం వస్తే ఫీజు లేకుండా, హాస్టలుతో సహా రెండేళ్ల పశుపోషణ డిప్లొమాలో సీటు ఇస్తారని కాగితంలో ఉంది. ఆ పిల్ల ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చేతిలో పట్టుకుని వచ్చింది.

"జీవాల పెంపకానికి రాయండి మేడమ్. పొట్టేలు పిల్ల ఉండాది. శానా చురుకైంది."

"పొట్టేలు ఎవరిది?" అని అడిగింది స్వర్ణలత. ఫారంలో అలాంటి గడి లేదు. 'పెంచేవారి పేరు' అని మాత్రమే ఉంది. అయినా మన పల్లెల్లో ఏ జీవాన్ని చూసినా నోటికి మొదట వచ్చే ప్రశ్న అదే.

"భూపేష్ అన్నోళ్లది మేడమ్. మేం పాలుకు మేపుతాండాం."

పాలుకు మేపడమంటే ఆ సీమలో తాతల నాటి పద్ధతి. జీవం ఒకరిది, మేపే రెక్కలు ఇంకొకరివి. పాలు అంటే వాటా, పెరిగాక చెరిసగం. అయితే పెరిగేదాకా, పెరిగాక కూడా, ఆ జీవాన్ని యజమాని పేరుతోనే పిలుస్తారు.

"మీ సొంతం కానిదాన్ని నీ పేరున ఎట్లా రాస్తానమ్మా? కుట్టుపనికి రాస్తాలే. ఆడపిల్లవు, పనికొస్తుంది."

ఆ సాయంత్రమే భూపేష్ ఫోను చేశాడు. "మేడమ్, మా శివాని హైదరాబాద్ హాస్టలు నుంచి వచ్చింది. పాప ఊరికే ఫోన్ చూసుకుంటా కూర్చుంటాంది. దాన్ని గూడా ఏదోదాంట్లో రాయండి. పొట్టేలు ఎటూ మాదే ఉండాది గదా." స్వర్ణలత మరో ఆలోచన లేకుండా రాసింది. పెంచేవారి పేరు: శివాని, తండ్రి భూపేష్ రెడ్డి. పొద్దున ఒక పిల్లకు కాదన్న పొట్టేలునే సాయంత్రం ఇంకో పిల్లకు రాస్తున్నానని ఆమెకు తట్టనైనా తట్టలేదు. తట్టకపోవడమే ఈ కథలోని అసలు జబ్బు.

ఆ తర్వాత అన్నీ సవ్యంగానే జరిగాయి, కాగితం మీద. శివాని వారానికోసారి కొత్త చుడీదారు వేసుకుని వచ్చి పొట్టేలు మెడ మీద చెయ్యి వేసి ఫోటో దిగేది. రోజూ రాయాల్సిన నోటుపుస్తకాన్ని మూడు రోజులకోసారి ముత్యాల్లాంటి అక్షరాలతో నింపేది. జీవిత మాత్రం తెల్లవారకముందే లేచి సుబాబుల్ రెమ్మలు కోసి, రాలిన తుమ్మకాయలు ఏరి, బుడ్డోడని తాను పేరు పెట్టుకున్న ఆ పొట్టేలును మేపి, నీడకు తోలి, ఆ బీడునుంచి రెండు మైళ్లు నడిచి కుట్టుపనికి వచ్చి, ఆలస్యమైందని తిట్లు తినేది.

జూన్ మొదటివారంలో వేంపల్లె మార్కెట్ యార్డులో ప్రదర్శన పెట్టారు. ముఖ్య అతిథి పది గంటలకు వస్తానన్నాడు. పన్నెండైనా రాలేదు. ఆయన వచ్చేదాకా జీవాలను ఎండలోనే వరసగా నిలబెట్టాలని పైనుంచి హుకుం, ఫోటోలో అన్నీ కనబడాలట. స్వర్ణలత రెండుసార్లు ఫోను చేసి నీడకు తీసుకెళ్తానని బతిమాలింది. "కొంచెం ఓపిక పట్టండి మేడమ్" అన్నారు. ఓపిక పట్టాల్సింది నేనా, మూగజీవాలా అని పళ్లు కొరుక్కుంది. ఇంతలో గేటు పక్కన భూపేష్ అభిమానులు ఫ్లెక్సీ కట్టనే కట్టారు: 'ప్రథమ స్థానం సాధించిన చిరంజీవి శివానికి హృదయపూర్వక అభినందనలు'. న్యాయనిర్ణేత ఇంకా కళ్లజోడైనా పెట్టుకోలేదు!

ఉన్నట్టుండి బుడ్డోడు నోరు తెరిచి రొప్పసాగింది. ముందరి కాళ్లు మడతపడ్డాయి. పగ్గం పట్టుకున్న శివాని "డాడీ!" అని కేక పెట్టింది. భూపేష్ నీళ్ల క్యాను ఎత్తి దాని తల మీద కుమ్మరించబోయాడు.

"నెత్తిన పోయొద్దన్నా! చల్లనీళ్లు ఒక్కసారిగా పోస్తే జడుసుకుంటాది!"

కుట్టుపని బల్ల దగ్గరినుంచి జీవిత పరుగెత్తుకొచ్చింది. పొట్టేలును రెండు చేతులా పట్టి యార్డు షెడ్డు గోడ వారకు ఈడ్చింది. నీడ చాలలేదు. "ఆ ఫ్లెక్సీ తీయండి" అని అరిచింది. ఎవరు తీశారో, అభినందనల ఫ్లెక్సీ నాలుగు మూలలా నలుగురి చేతుల్లో పందిరయింది. జీవిత కాళ్లకు, పొట్టకింద తడిగుడ్డ అద్దుతూ, "లేయ్ బుడ్డోడా, ఏం కాదు, నేనుండా" అని గొణుగుతూ కూర్చుంది. పావుగంటకు దాని రొప్పు తగ్గింది. తల ఎత్తి ఆ పిల్ల మోకాలికి రాసింది.

న్యాయనిర్ణేత ఓబుళేశు ఇదంతా పక్కనే నిలబడి చూశాడు. ఆ మండలాల్లో ముప్పై ఏళ్లు పశువుల డాక్టరుగా తిరిగి రిటైరైన మనిషి. శివాని నోటుపుస్తకం తెరిచాడు.

"రోజూ ఆరోగ్యంగా ఉంది, పచ్చిగడ్డి తిన్నది అనే రాసినావు. ఒక్క రోజు గూడా దీనికి ఏ ఇబ్బందీ రాలేదా పాపా?"

జవాబు జీవిత నోటినుంచి వచ్చింది. "మే పదమూడున అన్నోళ్లింట్లో పెండ్లి సార్. మిగిలిన అన్నం తినేసి కడుపు ఉబ్బింది. శనక్కాయనూనె తాపి, మధ్యాహ్నమంతా కడుపు తోముతా కూర్చున్నా. ఆ రోజు కుట్టు క్లాసుకు పోలేదు."

స్వర్ణలతకు ఆ రోజు గుర్తుంది. మర్నాడు ఆ పిల్లను గంటసేపు బయట నిలబెట్టింది.

"దీన్ని పెంచింది ఎవరప్పా?" అని ఓబుళేశు అందరివైపూ చూసి అడిగాడు.

"పొట్టేలు మాదే సార్" అన్నాడు భూపేష్, ఆశ్చర్యంగానే. "ఈ పాప మా ఏసన్న కూతురు. మా జీవాలే మేపుతారు. వాళ్లకు మేం ఏం తక్కువ చేసినామని?"

జనంలోంచి ఏసన్న ముందుకు వచ్చాడు. భుజం మీది టవలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "రెడ్డోళ్లదే సార్ పొట్టేలు. మా బిడ్డ ఊరికే చూసుకుంటాదంతే. దానికేం తెలుసు? తప్పుగా అనుకోవాకండి." కూతురి వైపు తిరిగి, "లెయ్ మే, ఆడ నీ పని చూసుకోపో" అన్నాడు. రేపు ఆ పాలు కూడా పోతే బతుకు తెరువు లేదని ఆయన భయం. ఆ భయాన్ని తప్పుపట్టే అర్హత అక్కడ ఎవరికీ లేదు. స్వర్ణలత జీవిత మొహం వైపు చూసింది. ఎండకు నల్లబడని ఆ పిల్ల కళ్లు తండ్రి మాటకు నల్లబడ్డాయి.

అప్పుడు శివాని పగ్గం కింద పడేసింది. "నేను ఫోటోలకు పట్టుకున్నానంతే సార్. బుక్కులో రాసింది కూడా నిజం కాదు. దాని పేరు బుడ్డోడని నాకు ఇప్పుడే తెలిసింది."

ఇంకా నోరు విప్పకపోతే తన బతుక్కి అర్థం లేదనిపించింది స్వర్ణలతకు. "తప్పు శివానిది కాదు సార్, నాది. జీవిత మొదటిరోజే వచ్చి అడిగింది. పెంచేదెవరని అడగాల్సిన నేను పొట్టేలు ఎవరిదని అడిగి పంపించేశాను."

ఓబుళేశు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"భూపేష్, పొట్టేలు నీదే. కాదన్నోళ్లు ఎవరూ లేరు. సొమ్మొకడిది సోకొకడిది అంటారు. ఈడ సొమ్ము నీదే, కష్టం మాత్రం ఆ బిడ్డది. ఈ పోటీ పొట్టేలుకు కాదప్పా, పెంచిన చేతులకు. ముప్పై ఏండ్లు ఈ పల్లెల్లో సూదులేసినా. పశువు యాడ చూసినా ఎవరిదని అడిగినారే గానీ, ఎవరు సాకినారని ఒక్కరూ అడగలే. నేను గూడా అడగలే. మనం అడగక, అడగక, చివరికి సాకినోడే 'నాదేం లేదు సార్' అని చేతులు కట్టుకునే కాడికి తెచ్చినాం."

ఏసన్న టవలు తిరిగి భుజం మీద వేసుకోవడం మరిచి అలాగే నిలబడ్డాడు.

అంతా అయ్యాక కథల్లో జరిగినట్టు సీటు జీవితకు వచ్చిందని చెప్పాలని ఉంది. రాలేదు. జీవాల పెంపకం జాబితాలో ఆమె పేరు లేదు. శివాని పేరు ఓబుళేశు కొట్టేశాడు. మిగతావాళ్లెవరూ కనీస మార్కులు దాటకపోవడంతో మొదటి స్థానం ఖాళీగా ఉండిపోయింది, సీటు పక్క మండలానికి పోయింది. స్వర్ణలత ఆ మధ్యాహ్నమే పైవాళ్లకు ఫోను మీద ఫోను చేసింది. చివరికి కేకలు కూడా వేసింది. నిబంధన నిబంధనే అన్నారు. ఎండలో గొర్రెలను రెండు గంటలు నిలబెట్టడానికి ఏ నిబంధనా అడ్డురాలేదు గానీ, ఒక పేరు దిద్దడానికి మాత్రం వంద అడ్డొచ్చాయి.

షెడ్డు దగ్గర బుడ్డోడికి నీళ్లు పెడుతున్న జీవిత పక్కన కూలబడి, "వచ్చే ఎండాకాలం నీ పేరు మొట్టమొదట రాస్తా జీవితా" అంది స్వర్ణలత.

"ఆగస్టుకు నాకు పద్దెనిమిది నిండుతాయి మేడమ్" అంది ఆ పిల్ల, కోపం లేకుండా. "వచ్చే ఏడు నాకు కుదరదు. మా వీధిలో ఇంకా నలుగురు ఆడపిల్లలు పాలుకే మేపుతాండారు. వాళ్లవి రాయండి."

మర్నాడు పైనుంచి శిబిరం నివేదిక అడిగారు. 'సాధించిన విజయాలు' అన్న గడిలో రెండువందల మాటలు, పది ఫోటోలు. స్వర్ణలత ఫోటోలు పెట్టలేదు. ఇలా రాసి పంపింది:

'ఈ మండలంలో ఉత్తమ పెంపకందారు జీవిత, తండ్రి ఏసన్న, తల్లి జీవమ్మ, గుట్టకిందపల్లె. ఆమె పేరు రాయాల్సిన చోట నేను రాయలేదు. ఇకమీదట ఫారం నింపేవాళ్లు ఎవరిదని అడగడం మాని, ఎవరు పెంచారని అడగాలని మనవి. కష్టపడిన చేతికి పేరు దక్కని చోట ఎన్ని శిబిరాలు పెట్టినా పెరిగేది ఫోటోలే, పిల్లలు కాదు.'