కరువు బొమ్మ

ఏడాదికొకసారి, చలికాలంలో ఒక ఆదివారం, అనంతపురం చుట్టుపక్కల బొమ్మలు వేసేవాళ్లు తమ ఇళ్ల తలుపులు తెరిచి పెడతారు. ఆ రోజు ఎవరైనా లోపలికి రావచ్చు. బొమ్మలు వేసే చోటు చూడవచ్చు, వేసిన మనిషితో మాట్లాడవచ్చు, నచ్చితే కొనుక్కుపోవచ్చు. దీన్ని మొదలుపెట్టింది జయచంద్ర. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆయనకు గీత గీయడం రాదుగానీ గీసేవాళ్లంటే ప్రాణం. పాంప్లెట్లు అచ్చు వేయించడం, బెంగుళూరు నుంచి జనాన్ని రప్పించడం, సందు సందుకూ బాణం గుర్తులు అంటించడం, అన్నీ ఆయనే చూసుకుంటాడు.

ఆ పాంప్లెట్‌లో మొదటి పేరు ఎప్పుడూ మల్లీశ్వరిది. బుక్కరాయసముద్రంలో ఆమెది రెండు గదుల రేకుల ఇల్లు. పేరు కింద ప్రతి ఏడూ ఒకే వాక్యం ఉంటుంది: "కరువు మింగిన భర్తను కుంచెతో బతికించుకున్న పల్లె పడుచు."

అందులో ఒక్క ముక్క కూడా మల్లీశ్వరి చెప్పింది కాదు.

ఆమె భర్త తిప్పేష్ గోడల మీద రాతలు రాసేవాడు. సిమెంటు పేర్లు, విత్తనాల ప్రకటనలు, ఎన్నికలొస్తే పార్టీ గుర్తులు. అతను నిచ్చెనెక్కి అక్షరాల అంచులు గీసిపోతే, కింద నిలబడి లోపల రంగు నింపేది ఆమె. అట్లా ఇద్దరూ ఊరూరూ తిరిగారు. ఒకసారి విడపనకల్లులో స్నేహితుడి పెళ్లికి పోయి, బండి మీద తిరిగొస్తూ రోడ్డు మీద పడుకున్న ఎనుమును గుద్దుకుని తిప్పేష్ చనిపోయాడు. ఆ ఏడు వానలకు కొదవ లేదు. చెరువు నిండి మరవ పారింది. శవాన్ని తెచ్చిన వ్యాను కూడా బురదలో దిగబడితే ఊరంతా కలిసి తోశారు.

ఏడాది మాసికం అయ్యాక మల్లీశ్వరి ఒక పాత ప్లైవుడ్ చెక్క మీద అతని బొమ్మ వేసింది. ఇంట్లో మిగిలిన డబ్బాల్లో మట్టి రంగు, నలుపు తప్ప తక్కినవన్నీ గడ్డకట్టిపోయాయి. ఉన్న రంగే నేలకు పూసింది. చెక్క మీద పగుళ్లు పూతలోంచి పైకి తేలుతుంటే, దాచలేక వాటినే నల్లటి గీతలుగా దిద్దింది. తిప్పేష్ ఎప్పుడూ నవ్వు మొగంతో ఉండేవాడు. కానీ ఆమెకు పళ్లు వేయడం కుదరలేదు. నాలుగైదు సార్లు చెరిపి, చివరికి పెదవులు మూసేసింది.

బొమ్మ సంగతి విని చూడటానికి వచ్చిన జయచంద్ర దాని ముందు నిలబడిపోయాడు. తరువాత "కరువు" అని ఒక్క మాట అని, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అంత పెద్దమనిషి తన ఇంట్లో నిలబడి ఏడుస్తుంటే ఏం చెప్పాలో తోచక మల్లీశ్వరి కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది. ఆమె తిరిగొచ్చేసరికి బొమ్మకు పేరు ఖాయమైంది.

అప్పటి నుంచీ అందరూ అదే బొమ్మ అడుగుతున్నారు. అదే నేల, అదే మూసిన నోరు. వాటి మీదే ఇల్లు నడుస్తోంది. కూతురు శశి హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతోంది. అన్నన్ని సార్లు వేసి వేసి మల్లీశ్వరికి ఒక బాధ పట్టుకుంది. కళ్లు మూసుకుని మొగుణ్ని తలుచుకుంటే అసలు మొగం రావడం లేదు. బొమ్మలోని ఆ దిగులు మొగమే వస్తోంది. అతనితో కాపురం చేసినన్నాళ్లూ ఒక్కనాడూ చూడని మొగం అది.

అందుకే ఈ ఏడాది ఎవరికీ చెప్పకుండా వేరే బొమ్మలు వేసుకుంది. కొండ మీద గాలిమరలు. బస్సు కిటికీలోంచి సీటు మీదికి తువ్వాలు విసిరే ఆడమనిషి. అటు తరువాత, చాలా రోజులు తంటాలు పడి, నిచ్చెన మీద చెవిలో కుంచె దోపుకుని పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్న తిప్పేష్. ఈసారి పళ్లు కుదిరాయి. ముందు పన్ను మీద పన్ను ఎక్కి ఉండేది అతనికి. అది పెట్టగానే మనిషి వచ్చేశాడు.

శనివారం సాయంత్రం ఏర్పాట్లు చూడటానికి వచ్చిన జయచంద్ర ఆ బొమ్మలు గోడకు ఉండటం చూసి ఆగిపోయాడు.

"ఇవేంటికమ్మా పెట్టినావు?"

"కొత్తగా వేసినా సార్. బాగలేవా?"

"బాగుండాయి. ఎవురు కాదన్నారు? కానీ రేపొచ్చేవాళ్లు కరువు చూడ్డానికొస్తాండారు. ఒక పక్క కరువు, ఇంగో పక్క ఈయప్ప పండ్లికిలించుకోని నగుతాంటే ఎట్లుంటాది చెప్పు? లోపలి గదిలో పెట్టెయ్. ఇంగోసారి చూద్దాం."

"ఈ ఒక్కటన్నా ఉండనీ సార్. ఆయనదే గదా."

"ఆయనదే. కాదంటాండానా? కానీ జనాలకు తెలిసిన మనిషి వేరు." జయచంద్ర గొంతు తగ్గించాడు. ఆయన మాటలో కోపం లేదు, జాలే ఉంది. "ఇంగోటి. పోయిన సారి పూల చీర కట్టుకున్నావు. రేపు కొంచెం సాదా చీర కట్టుకో తల్లీ. అత్తను కూడా బొమ్మ పక్కన కూచోబెట్టు."

ఆయనే స్వయంగా మూడు బొమ్మలూ తీసి, దుమ్ము పడకుండా దుప్పటి కప్పి, లోపలి గదిలో మంచం కింద పెట్టిపోయాడు.

అత్త మారెక్క గడప మీద కూర్చుని వక్కాకు నములుతూ ఇదంతా చూసింది. ఆమెకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు కూర్చోవడం కష్టం. చెవులు మాత్రం చక్కగా పనిచేస్తాయి.

ఆదివారం పొద్దున్నించే జనం. ముందు కాలేజీ పిల్లలు, తరువాత టవును వాళ్లు, ఎండెక్కేసరికి బెంగుళూరు నుంచి పెద్ద వ్యాను. అందులోంచి దిగిన వాళ్లకు పెద్ద సునంద. బొమ్మల దుకాణం నడుపుతుంది. మెత్తటి మాట, ఖద్దరు చీర. చిన్న ఇంట్లో అంతమంది చేరేసరికి మల్లీశ్వరికి నిలబడే చోటు లేకపోయింది. గోడకు ఆనుకుంటే వీపుకు రేకు వేడి తగులుతోంది. పొయ్యి దగ్గరికి పోదామంటే అక్కడ ఎవరో చట్టి మూత తీసి ఫొటో తీస్తున్నారు. నీళ్లు తాగుదామన్నా వాళ్లను దాటుకుని పోవాలి. తలుపు బార్లా తెరిచే ఉంది. ఆ తలుపులోంచి ఆమె తప్ప అందరూ వస్తూ పోతూ ఉన్నారు.

"ఆ రోజు మీకెలా తెలిసింది?" అని ఒకామె అడిగింది.

"ఫోనొచ్చిందమ్మా."

"పొలంలోనే కదా?"

మల్లీశ్వరి జవాబు చెప్పేలోపల జయచంద్ర అందుకున్నాడు. "ఆమె దగ్గర ఆ సంగతి కదపొద్దమ్మా. మాటల్లో చెప్పలేకనే గదా బొమ్మ వేసింది." అడిగినామె నొచ్చుకుని మల్లీశ్వరి చెయ్యి పట్టుకుంది. చెయ్యి విడిపించుకుంటే బాగుండదని మల్లీశ్వరి అట్లాగే నిలబడింది.

బొమ్మ కింద ప్లాస్టిక్ కుర్చీలో మారెక్క. వచ్చిన ప్రతి గుంపూ ఆమెను ఒకసారి, బొమ్మను ఒకసారి చూసి నిట్టూరుస్తోంది. మధ్యాహ్నం దాటేసరికి ఆమె మోకాళ్లు పట్టేసి లేవబోయింది. "కొంచెం అట్లే ఉండవ్వా, ఒక్క ఫొటో" అని ఎవరో భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టారు. సునంద ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"అవ్వా, మీ అబ్బాయిని ఈ బొమ్మలో రోజూ చూస్తుంటే మీకేమనిపిస్తుంది?"

మారెక్క తల వెనక్కి తిప్పి బొమ్మను చూసింది. ఉమ్మడానికి చోటు లేక నోట్లో వక్కాకు మింగేసింది.

"ఈయప్ప ఎవరో నాకు తెల్దమ్మా."

ఫొటోలు తీస్తున్నవాళ్లు ఫోన్లు దించారు.

"నా కొడుకు ఇట్ల యానాడూ నోరు మూసుకోని నిలబడలేదు. నిద్దర్లో కూడా నగుతాండె వాడు. కరువు చంపిందంట! యాడిది కరువు? ఆ యేడు వాననీళ్లు మా ఇంట్లోకి వచ్చినాయి. పెండ్లికి పోయి, కడుపునిండా తినేసి, పాటలు పాడుకుంటా వస్తా ఎనుమును గుద్దినాడు. ఎనుమూ సచ్చిపోయింది. ఏమప్పా జయచంద్రా, నీకు తెల్దా? పాడె కాడికి నువ్వూ వస్తివి గదా?"

జయచంద్ర మొగంలో రంగు మారింది. కానీ ఎన్నో సభలు నడిపిన మనిషి. ఒక్క క్షణంలో తేరుకుని, సునంద వైపు వంగి నెమ్మదిగా అన్నాడు. "కొడుకు పోయిన దుఃఖం. పెద్దామెకు మతి నిలకడగా ఉండదు. ఒక్కోసారి ఒక్కో రకంగా చెప్తాది."

అందరి ముఖాలూ ఒక్కసారి మెత్తబడ్డాయి. ఒకతను ఫోను ఎత్తి మారెక్కను ఫొటో తీశాడు. సునంద కళ్లలో నీళ్లు తిరిగాయి. మారెక్క ఏదో అనబోయింది. "సరే అవ్వా, సరే" అంటూ సునంద ఆమె చేతులు నిమరడం మొదలుపెట్టింది. ఆ నిమిరే చేతుల మధ్య అత్త నోరు తెరిచి, కోడలి కోసం కళ్లతో వెదకడం మల్లీశ్వరి చూసింది.

ఆమె గోడ వదిలి ముందుకు వచ్చింది.

"మా అత్తకు మతి బాగనే ఉండాది సార్."

"అమ్మా మల్లీశ్వరీ..."

"ఆమె చెప్పిందే నిజం. నేను ముందే చెప్పల్సింది. ఆయన గోడలకు రాసేటోడు. ఎనుమును గుద్ది పోయినాడు. బొమ్మ వేసిన పొద్దు ఇంట్లో ఈ రంగు దప్ప ఇంగో రంగు లేదు. అందుకే ఈ రంగేసినా."

లోపలికి పోయి మంచం కింద దుప్పటి లాగి, నవ్వుతున్న తిప్పేష్‌ను ఎత్తుకొచ్చి కరువు బొమ్మకు ఆనించి నిలబెట్టింది. మారెక్క వంగి చూసింది. వేలితో ఆ పన్ను మీద పన్నును తడిమింది. "వీడు నా కొడుకు" అంది సునందతో. ఆ తరువాత ఇంకెవరినీ పట్టించుకోకుండా దాన్నే చూస్తూ కూర్చుంది.

వచ్చినవాళ్లు కూడా కాసేపు చూశారు. ఎవరో "బాగుంది" అన్నారు. ఎవరో గడియారం చూసుకున్నారు. తరువాత ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కుని వ్యాను ఎక్కారు. సునంద వెళ్తూ వెళ్తూ మల్లీశ్వరి పక్కన ఆగింది.

"ఆయన ఎలా పోయాడన్నది నాకు ముఖ్యం కాదండీ. ఈ నేల బాధ మీ బొమ్మలో ఉంది. అది అబద్ధం కాదు కదా?"

మల్లీశ్వరి ఆలోచించింది. అబద్ధం కాదు. ఆమె చిన్నప్పుడు నల్లమాడలో, వాళ్ల నాయన చేన్లో, అట్లాంటి నేల ఎన్నోసార్లు చూసింది. "కాదు" అంది.

"అయితే మా షోకు మీరు అదే వరుసలో ఒక డజను వేసివ్వండి."

"నేల వేస్తా. ఆయన్ని మాత్రం వేయను."

సునంద కాసేపు తటపటాయించి, సరేనంది.

జయచంద్ర చివరిదాకా ఉండి, ఇంటి ముందు తాను కట్టించిన బోర్డు ఊడదీశాడు. "ఇన్నేండ్లు నీ పేరు పైన పెట్టి మోసినానే! నలుగురిలో నా మొగం యాడ పెట్టుకోవల్ల?" అన్నాడు. ఆయన నిజంగానే బాధపడ్డాడని మల్లీశ్వరికి తెలుసు. శశిని హాస్టల్లో చేర్చడానికి ఎండలో ఆఫీసుల చుట్టూ తిరిగింది ఆయనే. ఆయన బోర్డు చంకలో పెట్టుకుని కాఫీ కూడా తాగకుండా పోయాడు. మరుసటి ఏడు పాంప్లెట్‌లో ఆమె పేరు లేదు.

ఆ ఆదివారం నుంచి చలికాలమంతా మల్లీశ్వరి నేల వేసింది. మనిషి లేని, చెట్టు లేని, పగిలిన నేల. తెల్లారి లేస్తే మట్టి రంగు, నలుపు. అప్పటికి కళ్లు మూసుకుంటే తిప్పేష్ నవ్వుతూనే వస్తున్నాడు, ఆ మటుకు నెమ్మది. కానీ చెయ్యి పెట్టిందంటే మాత్రం ఆ పగుళ్లే పడుతున్నాయి. కొన్ని పూర్తయ్యాక ఒకదానిలో, ఒక మూలన, నాలుగు చెనిక్కాయ మొక్కలు వేసి పసుపు పూలు పెట్టింది. ఫొటో చూసి సునంద ఫోను చేసింది. చాలా మర్యాదగానే మాట్లాడింది. ఆ మూల తీసేయమంది.

"తీసేయనమ్మా. ఇది వద్దంటే ఇంగోటి వేసిస్తాను" అంది మల్లీశ్వరి.

ఫోను పెట్టేశాక రంగు అంటిన చేతులు కడుక్కోకుండా అట్లాగే కూర్చుంది. మారెక్క గడప దగ్గర్నుంచి అడిగింది.

"ఏమంటాదే ఆమె?"

"ఈ మొక్కలు వద్దంట అత్తా. ఉత్త నేలే కావల్లంట."

"ఇంగా ఎన్ని వేయల్ల?"

"చానా ఉండాయి."

"వేసి పారేయ్. వాడైతే ఆ బొమ్మలోంచి బయటపడినాడు గదా. నువ్వూ నిదానంగా బయటపడుదువులే." మారెక్క గోడ పట్టుకుని లేచి, ఆ చెనిక్కాయ మొక్కల బొమ్మను తీసుకుపోయి వంటింట్లో, పొగ తగలని చోటు చూసి, మేకుకు తగిలించింది.

మల్లీశ్వరి ఇంకో చెక్క తెచ్చి గోడకు ఆనించింది. డబ్బా మూత తీసి మట్టి రంగు కలపడం మొదలుపెట్టింది.