యర్రయ్య స్కూటరుకి ఖలాసీ

ముందుగా క్షమాపణ. నేను అక్షరాలు నేర్చుకున్నది అరవై దాటాక. ఒత్తులు జారిపోతుంటాయి, దీర్ఘాలు మరిచిపోతుంటాను. ఈ నాలుగు కాగితాలకీ పదకొండు రోజులు పట్టింది. తప్పులుంటే మీరే దిద్దుకుని చదవండి.

మా ఆయన యర్రయ్య భిలాయి స్టీలు ప్లాంటులో క్రేను నడిపేవారు. రోడ్డు మీద తిరిగే క్రేను కాదు, షెడ్డు కప్పు కింద పట్టాల మీద అటూ ఇటూ పోయేది. కింద నిలబడ్డ ఖలాసీ చేత్తో సైగ చేస్తేనే పైనున్న డ్రైవరు దాన్ని కదపాలి. సైగ లేకుండా అంగుళం కదిపినా తప్పే. ఆగమని మాత్రం ఎవరైనా చెప్పవచ్చు. ఆఫీసరైనా సరే, టీ తెచ్చిన మనిషైనా సరే, ఎవరు చెయ్యెత్తితే వాళ్ల మాట విని ఆపాలి. పదిహేడేళ్లు మా ఆయన ఈ పద్ధతి తప్పలేదు. ఆయన క్రేను కింద ఎవరికీ గోరు కూడా చిట్లలేదు.

డెబ్భై తొమ్మిదిలో మాకు స్కూటరు వచ్చింది. పేరు రాయించుకున్న ఆరేళ్లకి మా వంతు వచ్చిందన్నమాట. నీలం రంగు బండి. సెక్టర్ ఆరులో మా క్వార్టరు ముందు దింపగానే పసుపు రాసి బొట్టు పెట్టాను. ఆదివారం సుపేలా సంతకి నడిచి వెళ్లి, రెండు చేతులా కూరల సంచులు మోసుకొచ్చేదాన్ని నేను. అందుకని ఆ బండి కోసం ఆరేళ్లూ కళ్లు కాయలు కాచేలా చూసింది కూడా నేనే.

మొదటి రోజు మా ఆయన బండెక్కి ఇంజను వేశారు. హారను కొట్టారు. కదల్లేదు. పావుగంట అలాగే కూర్చున్నారు.

"ఏటి మావా, కదల్దేటి?" అన్నాను.

"సైగేదే?"

"ఎవులు సెయ్యాల?"

"నువ్వే. ముందుకెళ్లి నిలబడి సెయ్యూపు."

ఊపాను. బండి కదిలింది. ఎడమకి చూపితే ఎడమకి, కుడికి చూపితే కుడికి. నేను ముందు నడుస్తూ సైగలు చేస్తుంటే మా వెనక చీపుర్లవాడు, ఐసుబండివాడు, రెండు మేకలు. మా వీధి ఆ వారం ఇంకో వినోదం కోరలేదు.

అసలు చిక్కు ఆగడంతో వచ్చింది. పక్క క్వార్టరు తాయారమ్మ దండెం మీద చీర ఆరేయడానికి చెయ్యెత్తింది. మా ఆయన బ్రేకు నొక్కేశారు. ఎవరో "నమస్తే భయ్యా" అని చెయ్యెత్తారు. మళ్లీ బ్రేకు. ఇక షిఫ్టు వదిలే వేళ సైకిళ్ల మీద వందలమంది వస్తూ ఆయన కొత్త బండి చూసి చేతులెత్తారు. వాళ్లంతా ఇళ్లకి పోయి అన్నాలు తిన్నాక మా ఆయన వీధి చివరికి చేరారు.

తాయారమ్మ అంది, "కనకం, మీ ఆయన బండి కొన్నాడా, గుళ్లో దేవుణ్ణి ఊరేగిత్తన్నాడా?"

లైసెన్సు పరీక్ష దుర్గ్‌లో. మొదటిసారి ఇన్‌స్పెక్టరు జేబుల్లో చేతులు పెట్టుకుని, "చలో" అన్నాడు. నోటితో చెబితే మా ఆయన కదలరు కదా! కదల్లేదు. తప్పారు. రెండోసారి ఇన్‌స్పెక్టరు చెయ్యి ఊపి పంపడంతో నేల మీద గీసిన ఎనిమిది అంకె మీద సగం దూరం బాగానే పోయారు. ఇంతలో ఇన్‌స్పెక్టరు తల గోక్కోవడానికి చెయ్యెత్తాడు. మా ఆయన ఠక్కున ఆపి కాలు కింద పెట్టేశారు. కాలు పెడితే తప్పినట్టే.

ఆ సాయంత్రం మా ఆడపడుచు మొగుడు ఆదిశేషు భోజనానికి వచ్చాడు. కాంట్రాక్టులు చేసేవాడు. జీపూ మోటారు సైకిలూ ఒంటి చేత్తో తోలుతూ తిరిగేవాడు.

"బావా, బండికి తుప్పట్టిపోతంది. మూడోసారి కూడా పోతే నాకిచ్చీ," అన్నాడు.

మా ఆయనకి కోపం వచ్చింది. "ఇచ్చెత్తాను పోరా! మాటంటే మాటే."

నేను చారుగిన్నె ఠప్పున కింద పెట్టాను. అతను వెళ్లాక అడిగాను. "ఇచ్చీడానికి బండి నీదేటి?"

"మరెవులిదే?"

"ఆరేళ్లు సంచులు మోసినోళ్లది."

ఆయన గుడ్డ తీసుకుని బండి తుడవడానికి పోయారు. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

మూడో పరీక్షకి నేనూ బస్సెక్కి దుర్గ్ వెళ్లాను. నేర్చుకునేవాడు ఒంటరిగా నడపకూడదు కాబట్టి స్కూటరు ఆదిశేషు తోలుకొచ్చాడు. మా ఆయన వెనక కూర్చున్నారు. గేటు మలుపులో అటూ ఇటూ చూడకుండా ఆదిశేషు రివ్వున లోపలికి కొట్టాడు. ఒక గుమాస్తా కాగితాలతో సహా కంచె మీదికి ఎగిరాడు. అప్పుడే సొంత బండైనట్టు ఆదిశేషు దాని మీది దుమ్ము తుడుస్తున్నాడు.

నేను మైదానం మూల నిలబడి సైగలు చేశాను. మా ఆయన ఎనిమిది అంకె ముగ్గు వేసినట్టు తిప్పారు. కానీ ఇన్‌స్పెక్టరు నన్ను చూసేశాడు.

"ఈ బండి నడుపుతున్నదెవరు? నువ్వా, ఆవిడా?" అని హిందీలో అడిగాడు.

మా ఆయనకి అబద్ధం చేతకాదు. "ఆవిడే సాబ్. నేను హేండిలు పట్టుకుంటాను, అంతే."

"అలాగైతే లైసెన్సు ఆవిడకే తియ్యి. నువ్వు వెనక కూర్చో," అని ఇన్‌స్పెక్టరు కాగితం మీద అడ్డంగా గీత గీశాడు.

ఆదిశేషు చెయ్యి చాపాడు. "తాళం తే బావా. బండి నేను తోలుకుపోతాను."

అప్పుడే కంచె దిగిన గుమాస్తా వచ్చి ఇన్‌స్పెక్టరు చెవిలో ఏదో చెప్పాడు. ఇన్‌స్పెక్టరు ఆదిశేషు వైపు తిరిగాడు. "మీ లైసెన్సు చూపించండి."

"ఇంట్లో ఉంది సాబ్."

"నంబరు చెప్పండి, రిజిస్టరులో చూస్తాం."

ఆదిశేషు చెమట తుడుచుకున్నాడు. పద్నాలుగేళ్లుగా బళ్లు తోలుతున్న మనిషికి లైసెన్సే లేదు. "ఎవులూ అడగలేదు సాబ్," అన్నాడు.

ఇన్‌స్పెక్టరు జరిమానా రాసి, గేటు దగ్గర కాపలా పెట్టాడు. "ఇక్కణ్నించి ఈ బండి ఎవరూ ఎక్కి పోవడానికి లేదు. తోసుకుపోండి."

దుర్గ్ నుంచి సెక్టర్ ఆరు దాకా తోశాం. మా ఆయన హేండిలు పట్టారు, ఆదిశేషు వెనక నుంచి నెట్టాడు. నేను ముందు నడుస్తూ లారీలకి చెయ్యి చూపాను. సగం దారిలో ఆదిశేషు చెప్పులు తెగిపోయాయి. ఎండకి ముఖం కందిపోయింది.

"చెల్లెమ్మా, ఈ శనిగొట్టు బండి నాకొద్దమ్మా! మీరే ఉంచీసుకోండి!" అన్నాడు.

"మాటంటే మాటేనా అన్నయ్యా?"

"మాటే! ముందా సెట్టు కింద కూకోనీ!"

ఇన్‌స్పెక్టరు వేళాకోళానికి అన్నదాన్ని మా ఆయన ఆర్డరుగా తీసుకున్నారు. మర్నాడే నా పేరున కాగితం తెచ్చి వేలిముద్ర వేయించారు. రోడ్డు గుర్తుల బొమ్మలు గోడకి అంటించారు. చదువు రాకపోయినా బొమ్మలు వస్తే చాలట. లైసెన్సున్న తోటి క్రేను డ్రైవరు ఒకాయన రోజూ సాయంత్రం నా వెనక కూర్చునేవాడు. పాఠం మాత్రం మా ఆయనదే. ప్లాంటు హెల్మెట్టు నా కొప్పు మీద పెట్టి బెల్టు బిగించేవారు. బ్రేకు, హారను, లైటు, చక్రాల గాలి చూడందే తాళం ఇచ్చేవారు కాదు.

"పైనుంచి నాకు అందరూ కనబడతారే," అన్నారొకరోజు. "రోడ్డు మీద నీకు కనబడరు. మలుపు ఎనకాల మనిషున్నాడనే అనుకో. మనిషి లేకపోతే నీకేటి నట్టం? ఉంటే?"

ఆ మాట గుర్తుంచుకునే తర్వాత ఇరవై రెండేళ్లు బండి నడిపాను.

మూడు నెలలకి నాకు లైసెన్సు వచ్చింది. మొదటి ఆదివారం సుపేలా సంతకి బయలుదేరాం. నేను ముందు, ఆయన వెనక. రెండు సంచులూ ఆయన ఒళ్లో. మలుపు మలుపుకీ వెనక నుంచి ఒకటే గొడవ, "కుడి సూడు, ఎడమ సూడు, మెల్లగే, మెల్లగే!"

బండి పక్కకి తీసి ఆపాను.

"మావా, నీ క్రేనుకి వేలాడే ఇనుము ఎప్పుడైనా నీతో మాటాడిందేటి?"

"లేదు."

"ఇప్పుడు నువ్వే ఇనుము. కూకో."

సుపేలా వచ్చేదాకా ఆయన నోరెత్తలేదు. సంచులు మాత్రం గట్టిగా పట్టుకున్నారు.

— బోర కనకమహాలక్ష్మి, వయసు డెబ్భై ఆరు, ఇప్పుడు ఉంటున్నది వైశాలి నగర్, భిలాయి.