శుభ్రం చేసిన కొండ

"అడివికి నీల్లు పోత్తారేటి ఎవలైనా?" అని మొగుడు త్రినాధరావు నవ్విన నాటి నుంచీ దేముడమ్మ మూడు వేసవులు బిందె మోసింది. దేవరాపల్లి దగ్గర, కట్టెల కోసం నరికి నరికి బోడిచేసిన ఆ కొండవాలులో మళ్లీ అడవి పెంచుతున్నారు. అరచెయ్యంత వెడల్పు, నలుపు పసుపు రెక్కల సీతాకోకచిలుక ఒకటి ఆ చుట్టుపక్కల కరువైపోయింది. దాని పురుగు ఈశ్వరి తీగ ఆకు తప్ప ఇంకోటి ముట్టదు. ఆ తీగల్ని విత్తు నుంచి బతికించింది దేముడమ్మే. అడవి పెంచే కమిటీకి అధ్యక్షుడు మాత్రం మొగుడు. వంటయ్యాక, గేదెకి గడ్డి వేశాక, అత్తగారి కాళ్లకి నూనె రాశాక మిగిలిన పొద్దు ఆమెది. "పురుగుల్ని పెంచే కోడల్ని నానెక్కడా సూళ్లేదు" అనేది అత్తగారు, కాళ్లు చాపుకునే.

ఈ ఏడు మొదటిసారి పురుగులు గూళ్లు కట్టాయి. పదకొండు. ఆ సంతోషం మొగుడికి చెప్పింది. సెల్లోంచి తలెత్తకుండా "ఊఁ" అన్నాడు.

తర్వాతి వారం అత్తగారికి జ్వరమొస్తే, దేముడమ్మ ఆవిడకి తోడుగా అనకాపల్లి ఆస్పత్రిలో రెండు రోజులుంది. తిరిగొచ్చి కొండెక్కేసరికి వాలంతా నున్నగా ఉంది. తీగలన్నీ ఓ మూల కుప్పగా, సగం కాలి ఉన్నాయి.

"తుప్పలన్నీ కొట్టించేసేను. రేపు ఆఫీసర్లొత్తన్నారు, నీటుగా ఉండొద్దా?" అన్నాడు త్రినాధరావు.

"గూళ్లున్నాయని సెప్పేను కదా."

"ఎప్పుడు సెప్పేవు?"

ఆమె బూడిద కెలికింది. నల్లబడ్డ గూడొకటి దొరికింది. బరువే లేదు. మూడేళ్లు తను అడవి అనుకుంటూ తిరిగింది ఈయన కంటికి తుప్పే. తను చెప్పిన మాట కూడా అంతే కాబోలు.

మర్నాడు కొండకి టీ గ్లాసులు పట్టుకెళ్లేసరికి మొగుడి మెడలో దండ ఉంది. ఫారెస్టు ఆఫీసరు శ్రీదేవి, ఈశ్వరి తీగల కోసం చుట్టూ వెతుకుతోంది. "ఈ ఏడు వానల్లేక బతకలేదండి మేడం" అంటున్నాడు త్రినాధరావు.

దేముడమ్మ పళ్లెం కింద పెట్టింది. "బతికేయి మేడం. పదకొండు గూళ్లు కట్టేయి. మొన్న ఈయనే కొట్టించి తగలెట్టించేసేరు."

టీ ఎవరూ ముట్టలేదు.

సాయంత్రం ఇంట్లో త్రినాధరావు కూడు కంచం తోసేశాడు. "నలుగురిలో పరువు తీసేవు. రేపట్నుంచి ఆ కొండకెల్లేవంటే ఊరుకోను."

"ఆ కొండకి ఎల్లను" అంది దేముడమ్మ, కంచం తీస్తూ. "అవతల కొండకి ఎల్తాను. అక్కడ తీగలు పెంచే పని నాదేనని మేడం సేత కాయితం మీద నా పేరు రాయించుకునే ఇంటికొచ్చేను."