భయం కింద ముప్పై

ఉదయం తొమ్మిది గంటలకు జంతువుల ఆసుపత్రికి వెళ్లి చూసినవారికి తెలుస్తుంది, అక్కడ రోగం కంటే గోల ఎక్కువని. బల్లల మీద బుట్టల్లో పిల్లులు, బల్లల కింద గొలుసులతో కుక్కలు, వాటిని అదుపు చేయలేక తంటాలు పడే యజమానులు. ఆ గోల మధ్య ఒక నర్సు చెయ్యి తిరిగిన మనిషిలా పని చేసుకుపోతుంటే ఎవరికైనా ముచ్చట వేస్తుంది. ఈ కథలోని నర్సును అందరూ ‘రెండు నిమిషాలక్క’ అనేవారు. ఎంత మొండి పిల్లికైనా రెండు నిమిషాల్లో బీపీ చూసి పంపేస్తుందని ఆ పేరు. పదకొండేళ్లుగా ఆమెకు ఆ పేరంటే గర్వం. మనమూ అలాంటివాళ్లనే మెచ్చుకుంటాం. ఆ మెచ్చుకోలులో మన తప్పు కూడా కొంత ఉందని చెప్పడానికే ఈ కథ.

పిల్లులకూ కుక్కలకూ బీపీ ఏమిటని నవ్వేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఉంటుంది మహాప్రభో. వయసు మళ్లిన పిల్లికి మూత్రపిండాలు దెబ్బతింటే బీపీ పెరగవచ్చు. పెరిగితే కళ్లకే ముప్పు. తలనొప్పిగా ఉందనో, కళ్లు తిరుగుతున్నాయనో అది నోరు విప్పి చెప్పలేదు. కాలికి చుట్టిన పట్టీ, యంత్రంలో కనిపించే అంకె, ఈ రెండే దానికి సాక్షులు.

అయితే ఆసుపత్రికి వచ్చిన జంతువు భయపడుతుంది, భయపడితే అంకె పెరుగుతుంది. ఇదీ నిజమే. అది స్థిమితపడేదాకా ఆగడం తప్ప దీనికి వేరే దారి లేదు. కానీ అక్కడ ఆగే తీరిక ఎవరికుంది? ఎప్పుడో పాత డాక్టరు ఒక పిల్లి అంకె చూసి, “ఇందులో ముప్పై దాని భయానిదేలే,” అన్నాడు. ఆయన రిటైరై వెళ్లిపోయాడు, మాట మాత్రం మిగిలింది. అప్పటినుంచి పిల్లికి ముప్పై, కుక్కకు ఇరవై తగ్గించి కార్డులో రాయడం అక్కడి ఆనవాయితీ. కొత్తగా చేరినవాళ్లకు దూది ఎక్కడుందో చూపించినట్టే ఇదీ చెప్పేవారు. ఏడాది కిందట వచ్చిన కొత్త డాక్టరమ్మకు మాత్రం ఎవరూ చెప్పలేదు. దాచాలని కాదు, అది చెప్పాల్సిన విషయమని ఎవరికీ తోచలేదు.

ఒక సోమవారం నాడు దర్జీ పెద్దమ్మ తన పిల్లిని తెచ్చింది. ఒంటరి మనిషి, నలభై ఏళ్లుగా చొక్కాలు కుడుతోంది. పిల్లికి పద్నాలుగేళ్లు, పేరు దొరసాని. కుట్టు మిషను పక్కన గుడ్డపేలికల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను ఎగాదిగా చూస్తుందని ఆ పేరు. ఏడాదిగా దానికి మూత్రపిండాల జబ్బు.

“నిన్నట్నుంచి గుమ్మానికి కొట్టుకుంటోందమ్మా,” అంది పెద్దమ్మ. “పిలిస్తే ఎటో చూస్తోంది.”

“వయసైపోయింది కదా పెద్దమ్మా. మనకి మాత్రం వెనకటి చూపుందా?” అంది నర్సు, చేతులు ఆపకుండా.

పక్కన ఒక పెద్ద కుక్క కప్పు ఎగిరిపోయేలా మొరుగుతోంది. యంత్రానికి అంతకుముందు కుక్కకు వాడిన పట్టీయే ఉంది. మార్చాలంటే సొరుగు తీసి వెతకాలి. దాన్నే ఇంకో చుట్టు బిగించి మీట నొక్కింది. నూట తొంభై నాలుగు. రెప్పపాటులో ముప్పై తీసేసి కార్డులో నూట అరవై నాలుగని రాసింది. డాక్టరమ్మ ఆ అంకె చూసి, “కొంచెం ఎక్కువే, కంగారేం లేదు. నెల తర్వాత తీసుకురండి,” అంది. బయట ఇంకా పదిహేను మంది ఉన్నారు.

గురువారం ఆసుపత్రి తలుపులు తీసేసరికి పెద్దమ్మ మెట్ల మీద ఉంది. బుట్టలో దొరసాని కదలకుండా కూర్చుంది. కనుపాపలు నల్లగా విచ్చుకుపోయి, దీపం వేసినా ముడుచుకోవడం లేదు. డాక్టరమ్మ రెండు కళ్లలోకీ చాలాసేపు చూసింది.

“కుడి కంట్లో వెనక పొర పూర్తిగా ఊడిపోయింది. ఎడమ కంట్లో ఒక అంచు లేచింది, మిగతాది ఇంకా పట్టుకునే ఉంది.”

“చూపొస్తుందా అమ్మా?”

“కుడిదాని మీద నాకు ఆశ లేదు. ఎడమది నిలబడాలంటే కారణం ఏంటో ఇవాళే తెలియాలి.” ఆమె కార్డు తీసింది. “బీపీ వల్ల ఇలా అవుతుంది. కానీ మూడు రోజుల కిందట నూట అరవై నాలుగే ఉంది. అంతమాత్రానికి కళ్లు ఇలా పోవు. ఇంకేదో ఉంది. జంతువుల పెద్దాసుపత్రికి రాసిస్తాను, అక్కడ అన్ని పరీక్షలూ చేస్తారు.”

“ఎంత దూరం?”

“బస్సులో నాలుగు గంటలు. రేపటికి గానీ చూడరేమో.”

“ఈలోపు ఏదైనా మందు వెయ్యండమ్మా.”

“బీపీ లేని పిల్లికి బీపీ మందు వేస్తే ఉన్న మూత్రపిండాలు కూడా దెబ్బతింటాయి. గుడ్డిగా వెయ్యలేను.”

డాక్టరమ్మ ఉత్తరం రాయడం మొదలుపెట్టింది. నర్సు తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. చెప్తే పదకొండేళ్ల పేరు పోతుంది, ఉద్యోగమూ పోవచ్చు. చెప్పకపోయినా పెద్దాసుపత్రిలో ఎలాగూ తెలుస్తుంది కదా అని మనసు ఒక సాకు అందించింది. తెలుస్తుంది, రేపు. రేపటిదాకా ఆ అంచు పట్టుకుని ఉంటుందా? పెద్దమ్మ వేలితో దొరసాని నుదురు నిమురుతోంది. అది ఆ వేలు ఎక్కడుందో తెలియక తల అటూ ఇటూ తిప్పుతోంది. కలం రెండో వాక్యానికి వచ్చింది.

“మేడం, అది నూట అరవై నాలుగు కాదు.”

కలం ఆగింది.

“నూట తొంభై నాలుగు. భయం కింద ముప్పై తీసేశాను.”

“ఎవరు తీయమన్నారు?”

“ఎవరూ అనలేదు. ఇక్కడ అందరం తీస్తాం. పిల్లికి ముప్పై, కుక్కకి ఇరవై.”

“అన్ని కార్డుల్లోనా?”

“అన్నిట్లోనూ.”

డాక్టరమ్మ గోడ వైపు చూసింది. ఒక్కో జంతువుకు మూడు నిమిషాలని గోడ మీద కాగితం అంటించింది తనే. ఏడాదిగా ఆ కార్డులు నమ్మి మందులు రాసింది కూడా తనే. పెద్దమ్మే ముందు తేరుకుంది.

“తిట్టుకోవడాలు తర్వాత చూసుకుందురు గానీ, ముందు దీన్ని చూడండి.”

కట్టుగుడ్డలు దాచే వెనకగదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. పెద్దమ్మ నేల మీద కూర్చుని పిల్లిని ఒళ్లో పెట్టుకుంది. పది నిమిషాలు ఎవరూ దాని జోలికి పోకూడదంది డాక్టరమ్మ. ఆసుపత్రిలో నర్సు చేతులు అంతసేపు ఊరికే ఉండడం అదే మొదటిసారి. ఎవరో రెండుసార్లు తలుపు తట్టారు. “ఇంకా ఎంతసేపండీ?” అని మరొకరు కేకేశారు. నర్సు తలుపు వైపు అడుగు వేసి ఆగిపోయింది. పిల్లి ఊపిరి మాత్రం మెల్లమెల్లగా నెమ్మదించింది.

నర్సు పట్టీ తీసుకుని కూర్చోగానే పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. “ఆగమ్మా. ఇది దీని కాలికి మరీ వెడల్పు. పెద్దవాళ్ల చొక్కా పసిపిల్లకి తొడిగినట్టుంది.”

డాక్టరమ్మ వంగి చూసింది. “నిజమే. పట్టీ వెడల్పు కాలి చుట్టుకొలతలో మూడో వంతు, మహా అయితే ఇంకాస్త ఎక్కువ ఉండాలి. చిన్నదైతే అంకె ఎక్కువ చూపిస్తుంది, పెద్దదైతే తక్కువ చూపిస్తుంది.”

పెద్దమ్మ మెడలోని టేపు తీసి, పిల్లి కాలు కదలకుండా చుట్టి చూసింది. ఎనిమిది సెంటీమీటర్లు. నర్సు పరుగున వెళ్లి సొరుగంతా బోర్లించి మూడు సెంటీమీటర్ల పట్టీ తెచ్చింది. సోమవారం నాటి నూట తొంభై నాలుగు కూడా తక్కువ చూపించిన అంకేనని ఆమెకు అప్పుడు తెలిసింది.

కాలును ఛాతీ ఎత్తులో పట్టుకుని మీట నొక్కింది. రెండు వందల ముప్పై ఒకటి.

“అది వదిలెయ్,” అంది డాక్టరమ్మ. “మొదటిది ఉలికిపాటు. మళ్లీ చూడు.”

రెండు వందల పద్దెనిమిది. పద్నాలుగు. పదహారు. పదమూడు. పదిహేను. ఒక్కో అంకెనూ నర్సు పైకి చదివింది.

“భయమైతే ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఇది ఒకేచోట నిలబడింది. కళ్లు కూడా అదే చెప్తున్నాయి,” అని డాక్టరమ్మ అప్పటికప్పుడు మాత్ర తెప్పించి పిల్లి నోట్లో వేసింది.

మర్నాడు అదే గదిలో, అదే కాలికి, అదే పట్టీతో, అదే నర్సు చూస్తే నూట డెబ్బై ఎనిమిది. వారానికి నూట యాభై లోపుకు దిగింది. ఎడమ కంట్లో లేచిన అంచు తిరిగి అతుక్కుంది. కుడి కన్ను పోయింది.

ఈలోగా నర్సు పాత కార్డులన్నీ ముందేసుకుని యజమానులకు ఫోన్లు చేసింది. “ముందు చూసిన బీపీ తప్పు, మళ్లీ తీసుకురండి,” అని అందరికీ ఒకటే మాట. కొందరు విసుక్కున్నారు, ఒకాయన నానా మాటలూ అన్నాడు. ఒకామె మాత్రం మెల్లగా, “మా పిల్లి పోయిన నెల చచ్చిపోయిందమ్మా,” అంది. తప్పుడు అంకె వల్లే పోయిందో, వేరే జబ్బుతో పోయిందో ఇక ఎవరూ చెప్పలేరు. ఆ ఫోను పెట్టేశాక నర్సు చాలాసేపు ఏడ్చింది.

రెండు వారాల తర్వాత పెద్దమ్మ వచ్చినప్పుడు డాక్టరమ్మ సిబ్బంది నలుగురినీ పిలిచి, వాళ్ల ఎదుటే ఆమెతో, “మీరు పైవాళ్లకి ఫిర్యాదు రాయొచ్చు. నా పేరు కూడా రాయండి,” అంది.

పెద్దమ్మ కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

“రాయను. క్షమించాననీ చెప్పను. ఈ అమ్మాయి నోరు విప్పింది కాబట్టి ఒక కన్ను మిగిలింది. సోమవారం నాడే పది నిమిషాలు ఆగుంటే రెండూ మిగిలేవేమో. రెండూ గుర్తుంచుకోమ్మా.” నర్సు తల దించుకుంది. “ఊపిరి బిగబట్టినవాడి నడుం కొలిచి, తర్వాత రెండంగుళాలు కలుపుకుందాంలే అనుకుంటే ఆ బట్ట కుదురుతుందా? వాడు ఊపిరి వదిలేదాకా ఆగాలి. నేను పాడుచేస్తే ఇంకో గుడ్డ కొనివ్వగలను. మా దొరసానికి కన్ను ఎక్కణ్నించి తేను?”

 పెద్దమ్మ బుట్ట చేతికి తీసుకుని, గుమ్మం దగ్గర ఆగి నలుగురి వైపూ చూసింది.

“కొలిచే తీరిక లేకపోతే కార్డులో ఆ గడి ఖాళీగా వదిలెయ్యండి. ఖాళీ గడి చూస్తే ఎవరో ఒకరు ఎందుకని అడుగుతారు. అబద్ధపు అంకె చూస్తే అందరూ నమ్మేస్తారు.”