గాడ అని అరిస్తే

అయినా, ఎన్క సూడు అన్న మాట ఆ దీవుల ఆటగాళ్ల చెవికెప్పుడు అలవాటైందో హీరాలాల్‌కు ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు, బస్సు కోదాడ దాటింది, కిటికీ అద్దం దడదడలాడుతోంది, వాళ్ల జాతీయ ఫుట్‌బాల్ జట్టుకు కోచ్‌గా పోయిన కొత్తలో ఇంగ్లీషులోనే చెప్పేవాడు, మ్యాచ్ వేడెక్కితే ఆ ఇంగ్లీషు ఎటు పోయేదో ఏమో, సొంతూరు పెన్‌పహాడ్ మాటే నోట్లోంచి దూకేది, గాడ, జర ఆగు, ఎన్క సూడు, గాడ అంటే అక్కడ అని అర్థం తెలియకపోయినా వాళ్ల కాళ్లకు తెలిసిపోయింది, గాడ అంటే చాలు డిఫెన్స్ అంతా కుడికి జరుగుతుంది, సముద్రంలో పిడికెడు మట్టి ఆ దేశం, రేపు హైదరాబాద్‌లో ఇండియాతో ఆడుతుంది, ఓడితే కప్పుకు దూరం, గెలిస్తే, ఛీ, ఎవరి మీద గెలుపు అది.

రాత్రికి రాత్రి వచ్చి కోదాడ అవతల చెల్లెలింట్లో దిగాడు, పొద్దున రొట్టె వడ్డిస్తూనే మంగమ్మ అడిగేసింది, దానికి మొహమాటమెక్కడిది, ఏంది భియా, మనోళ్ల మీదికే పోతున్నవా, నౌకరీ కదనే అని నవ్వాడు, నౌకరీయే అయితే పోయినసారి ఓడినప్పుడు గోల్‌కీపర్‌ను పట్టుకొని తనెందుకు ఏడ్చాడు, రేపు జనగణమన మొదలైతే పెదవులు కదపాలా వద్దా, కెమెరా మొహం మీదే ఉంటుంది, థూ, ఏం బతుకిది, ఇటూ కాదు అటూ కాదు.

ఇది చాలదన్నట్టు నిన్న జితేందర్ ఫోను, ఇప్పుడు ఇండియా ఫార్వర్డ్, అప్పట్లో మిర్యాలగూడలో తను పీఈటీ సారుగా ఉన్నప్పుడు రైసు మిల్లుల వెనక గ్రౌండులో బంతి పట్టించినవాడు, ఊక కళ్లలో పడి నీళ్లు కారుతున్నా బంతి వదిలేవాడు కాదు, సార్, మీ మ్యాచ్‌లు సూసిన, మీరు గాడ అంటే మీవోళ్లు ఎటు జరుగుతరో నాకెర్కే, రేపు గట్ల అరవకుండ్రి, అంతే, పెట్టేశాడు, ఎంత పొగరు, నిన్న సాయంత్రం హైదరాబాద్‌లో ప్రాక్టీసప్పుడు ఇంగ్లీషులో అరిచి చూస్తే బ్యాక్‌లు అడుగు వెనకపడ్డారు, అరిస్తే వాడికి దొరుకుతాం, అరవకపోతే మాకు మేమే దొరుకుతాం, గురువును బెదిరిస్తాడా, ఎక్కిరిస్తాడా, ఇంతకూ ఎందుకు చెప్పినట్టు, వాడు చెప్పకుండా ఊరుకుంటే రేపు గోల్ వాడిదే కదా.

సూర్యాపేటలో బస్సు ఆగింది, చాయ్ చేతిలోకి వచ్చింది, ఆ మిల్లుల వెనక గ్రౌండే మళ్లీ కళ్ల ముందుకొచ్చింది, అవతలి జట్టువాడు కాలు మడతపడి పడ్డాడు, జితేందర్ ఇదే సందని గోల్ కొట్టి గంతులేస్తున్నాడు, తను పరుగెత్తుకెళ్లి చెవి మెలిపెట్టాడు, పడ్డోని మీద కొడితే గెలుపారా అది, వాడు లేసినంక కొట్టు, చెవి ఎర్రగా కందింది, పిల్లవాడు మూతి ముడిచి బంతిని మధ్యగీతకు తీసుకెళ్లాడు, అయ్యో, అదే కదా నిన్న వాడు చేసింది, లే సార్ అని చెప్పడానికి ఫోన్ చేశాడు, నేను లేచినంక కొడదామని ఆగాడు పిచ్చోడు, హీరాలాల్‌కు కళ్లు మండాయి, ఇక్కడ ఊక కూడా లేదు, ఇగ అరుపులు బంద్, ఈ సాయంత్రం తన జట్టుకు చప్పట్ల సైగ నేర్పాలి, చెల్లెలికి ఫోన్ కలిపాడు, మంగీ, విను, జనగణమన పాడుత, గట్టిగనే పాడుత, పాడినంక ఇండియా మీద గెలవాలె, నిజంగ గెలవాలెనే, లేకుంటే ఆ పోరడు నాకోసం ఆగినదానికి ఇజ్జతేముంటది.