చవక వెలుతురు

నేను ఒక నల్ల పెట్టెని. రేకు ఒళ్లు, పొట్టలో రెండు ఫ్యాన్లు, అడుగున వరసలు వరసలుగా చిన్న దీపాలు. సగం తెలుపు, సగం నీలం. పక్కన రెండు రెగ్యులేటర్లు, సీలింగు ఫ్యానుకి ఉంటాయే, అలాంటివి. తెలుపుకొకటి, నీలానికొకటి. ఉప్పునీళ్ల తొట్టిలో పగడాలు పెంచే పిచ్చి కొంతమందికి ఉంటుంది. పగడమంటే ఉంగరంలో రాయి కాదు, ప్రాణమున్నది, సముద్రం అడుగున పూలలాగా విచ్చుకునేది. దానికి ఎండ కావాలి. ఇంట్లో ఎండ ఎక్కణ్ణుంచి తెస్తారు? నన్ను తెస్తారు. నేను సూర్యుడి వేషం కట్టినవాణ్ణి. అందులోనూ చవక వేషం.

ముందే చెప్పేస్తున్నా. నేను ఎవర్నీ నమ్మను. చేసినవాణ్ణి, అమ్మినవాణ్ణి, కొన్నవాణ్ణి, ఇప్పుడు చదువుతున్న మిమ్మల్ని కూడా. మీరు నా మాట వినేముందు నా ధర ఎంతో అడగాలనుకున్నారా లేదా? నిజం చెప్పండి.

నేను పుట్టిన ఫ్యాక్టరీ చాలా దూరదేశంలో ఉంది. బెల్టు మీద నాలాంటి పెట్టెలు దొర్లుకుంటూ వచ్చేవి. అన్నీ ఒకటే రేకు, ఒకటే దీపాలు. బెల్టు చివర ఒకావిడ కూర్చుని స్టిక్కర్లు అంటించేది. ఒకదానికి ఒక పేరు, పక్కదానికి ఇంకో పేరు. ఒకే కడుపున పుట్టినవాళ్లం, ఆ బల్ల దాటేసరికి ఒకడు జమీందారు, ఒకడు కూలీ. నాకు పడింది కూలీ పేరు. దాంతోబాటు వీపు మీద నూట అరవై అయిదు వాట్లని అచ్చేశారు. అబద్ధం. నేనంత కరెంటు తాగను. తాగేది నేనా, స్టిక్కరా? నన్నొక్క మాట అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. పనిచేసేవాణ్ణి అడిగి వాడి పేరు రాసే అలవాటు మీ లోకంలో లేదు.

ఓడెక్కి, లారీ ఎక్కి విశాఖపట్నంలో ఒక చేపల షాపుకి చేరాను. షాపువాడు నన్ను చూపించి "వారంటీ ఉందండీ" అనేవాడు. ఎవరిస్తారని అడిగితే "ముందు పాడవనీండి, చూద్దాం" అనేవాడు. వాడి మాటల్లో నిజమైనది ఆ ఒక్కటే.

నన్ను మొదట కొన్నది కామేశ్వరరావు గారు. ఊళ్లో ఉప్పునీళ్ల తొట్టి పెట్టినవాళ్లందరికీ ఆయన పెద్దమనిషి. ఫోన్లో వీళ్లకో గ్రూపు ఉంది. అందులో ఎవరు ఏం అడిగినా చివరికి ఆయన వచ్చి ఒక ముక్క అంటారు, అదే తీర్పు. చవక లైట్ల సంగతి తేల్చెయ్యాలని నన్ను ఇంటికి తెచ్చారు. తెచ్చి, అటూ ఇటూ తిప్పి చూసి, ముక్కు చిట్లించారు.

"ఈ రేకు డబ్బా ఎప్పుడు ఊడి నీళ్లలో పడుతుందో! పడిందంటే చేపలతో సహా అన్నీ పోతాయి" అన్నారు.

అని, నన్ను తీసుకెళ్లి సీలింగు కొక్కేనికి వేలాడదీశారు. తొట్టి ఎక్కడో కింద. నేనెక్కడో బల్లులతో కాపురం. అక్కణ్ణుంచి నా వెలుతురు గదంతా పరుచుకుని, సోఫా మీద పడి, ఆయన బట్టతల మీద పడి, మిగిలిన కాస్త నీళ్లలోకి దిగేది. ఆయన తొట్టి దగ్గర ఫోను పట్టుకుని ఏదో కొలిచారు. పెదవి విరిచారు. గ్రూపులో తీర్పు రాశారు. "బలం లేదు."

చూశారా పని? పడిపోతానని అనుమానించి ఎత్తులో కట్టినవాడు ఆయనే. ఎత్తులో ఉన్నందుకు బలం లేదన్నవాడూ ఆయనే. టార్చిలైటు పట్టుకున్న ఎవడికైనా తెలుసు దగ్గరికి తెస్తే వెలుగెక్కువని. కానీ చవకదాని మీద అనుమానం వచ్చాక, మనిషి పరీక్ష పెట్టడు, శిక్ష వేస్తాడు.

ఆ తీర్పు నా వీపు మీద రెండో స్టిక్కరైంది. ఆ స్టిక్కరుతోనే నన్ను లోవరాజుకి అమ్మేశారు.

లోవరాజు ఫిషింగ్ హార్బరులో బోటు ఇంజన్లు బాగుచేస్తాడు. హార్బరు వెనక సందులో రెండు గదుల ఇల్లు. ముందు గదిలో తొట్టి. బోటు మీద వేటకెళ్లినవాళ్లు తిరిగొచ్చేప్పుడు లోతు నీళ్లు క్యాన్లతో పట్టుకొచ్చి ఇస్తారు. ఇచ్చేటప్పుడు ఊరికే ఇవ్వరు.

"ఏరా లోవా, ఎదురుగా అంత సముద్రం పెట్టుకుని ఇంట్లో ఇంకోటి పెట్టీసేవేట్రా! రేపు వలేస్తావా అందులో?"

"వేస్తాను, నీలాటోడు పడతాడేమోనని," అనేవాడు లోవరాజు.

నవ్వేవాడే గానీ, గ్రూపులో అతనికి మంచి పేరు లేదు. ఇంతకుముందు ఒకసారి తొట్టి పెడితే, ఎండాకాలం నీళ్లు వేడెక్కి, ఉన్నవన్నీ చచ్చిపోయాయి. అప్పట్నుంచి చంపేసేవాడని ముద్ర పడింది. అలాంటివాడికి షమీమ్ గారు తన పగడం ఇచ్చారు.

షమీమ్ గారు టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరయినావిడ. ఏళ్ల తరబడి ఒక రాయి మీద పగడాన్ని పెంచారు. గుండీలంత గుండీలంత పూలు, ఆకుపచ్చవి, రాయంతా తివాచీ పరిచినట్టు. ఆవిడకి మోకాళ్లు పోయాయి. మారిన ఇల్లు నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు, నీళ్ల క్యాన్లు మొయ్యలేరు. రాయి ఎవరికివ్వాలో అని గ్రూపులో అడిగితే అందరూ ఎగబడ్డారు. ముక్కలు కోసి అమ్మితే ఎంతొస్తుందని లెక్కేసుకున్నవాళ్లే ఎక్కువ. లోవరాజు ఒక్కడే ఫోన్ చేసి "ఏటి తింటాదండీ అది?" అని అడిగాడట. అందుకిచ్చారు.

ఇచ్చేటప్పుడు ఆవిడ ఊరుకోలేదు. "చూడు రాజూ, నిన్ను నమ్మి కాదు. మిగతావాళ్లని నమ్మక ఇస్తున్నా. వాడిపోతోందని తెలిస్తే వచ్చి పట్టుకుపోతా."

నాకావిడ అప్పుడే నచ్చింది. నా బాపతు మనిషి.

ఇక అసలు సంగతి. రాయి వచ్చిన పూటే లోవరాజు నన్ను బిగించాడు. చేతిలో గొలుసు, నోట్లో మేకు. ఇంజన్ల మనిషి కదా, బిగించడంలో వంక పెట్టలేను. కానీ అతని బుర్రలో కామేశ్వరరావు గారి తీర్పు కూర్చుని ఉంది. చవకది, బలం లేదు. అంచేత నన్ను బాగా కిందికి దించాడు, నీళ్లకి మూరెడు దూరంలో. రెగ్యులేటర్లు రెండూ చివరిదాకా తిప్పేశాడు.

"ఈమాత్రమైనా ఇయ్యకపోతే ఏటి బతుకుతాది పాపం," అన్నాడు.

నాకు కేక వెయ్యాలనిపించింది. స్టిక్కరంత బలం నాకు లేని మాట నిజమే. కానీ నా అబద్ధంలో సగం కూడా, మూరెడు దూరం నుంచి, ఆ గుండీపూలకి నడినెత్తిన రోహిణికార్తె ఎండ. ఆవిడ ఇంట్లో పాత ట్యూబుల కింద నీడపట్టున పెరిగిన ప్రాణం అది. కొత్త వెలుగుకి కొంచెం కొంచెంగా అలవాటు చెయ్యాలి. ఆ పూల ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురముంటుంది. వెలుగు తిని ఆ నాచే వాటికి అన్నం వండి పెడుతుంది. ఎండ మితిమీరితే అది ఇల్లు ఖాళీచేసి పోతుంది. రంగూ దానిదే, అన్నమూ దానిదే. అది పోతే పువ్వు తెల్లబడుతుంది, ముడుచుకుంటుంది, ఆకలితో చస్తుంది.

చెప్పడానికి నాకు నోరుందా? ఫ్యాన్లున్నాయి. గుర్రుమన్నాను. "పాత సరుకు, సౌండొస్తంది" అన్నాడు లోవరాజు.

పూలు ముడుచుకున్నాయి. అంచులు పాలిపోయాయి. అతను ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. జవాబు రావడానికి ఎంతసేపు! కామేశ్వరరావు గారు రాశారు: "ముందే చెప్పాను. ఆ లైటుకి బలం లేదు." కింద ఇంకెవడో: "షమీమ్ మేడం రాయి గోవిందా." అంతే, లోవరాజు స్టూలెక్కి నన్ను ఇంకో రెండు లంకెలు కిందికి దించాడు. పూలు ఇంకా తెల్లబడ్డాయి. అతను ఇంకా దించడానికి చూశాడు, గొలుసు అయిపోయింది.

పనిలోంచి వచ్చి నూనె చేతులు కూడా కడక్కుండా తొట్టి ముందు గొంతుక్కూర్చునేవాడు. "బతకే తల్లీ" అనేవాడు ఆ రాయితో. చంపుతున్నది తన చెయ్యేనని తెలీదు. వీధిలో ఇలాంటివాళ్లని చాలామందిని చూడచ్చు మీరు. ప్రేమ నిండా ఉంటుంది, చెయ్యి రెగ్యులేటరు మీద ఉంటుంది.

ఆ ఇంట్లో ఇంకో మనిషుంది. అతని భార్య నూకరత్నం. పగలంతా ఆ గదిలోనే కూర్చుని రొయ్యలు వలుస్తుంది. నా నీలం వెలుగు ఆవిడ కళ్లలో పొడిచేది. "ఇదేం లైటు మావా, దెయ్యాల కొంపలా ఉన్నాది. రొయ్యకీ నా వేలికీ తేడా తెలట్లేదు" అంది ఒకసారి. అతను కసిరాడు. "అసలే బలం లేని లైటు. దానికి అడ్డం ఏటీ పెట్టకు. పెట్టేవో, ఆ రాయి సచ్చిన పాపం నీదే."

మర్నాటి నుంచి ఆవిడ ఏం చేసిందో నేను చూశాను. అతను హార్బరుకి పోగానే పాత దోమతెర ముక్క తెచ్చి నాలుగు మడతలేసింది. ఒక కొస నా నడుముకి, ఇంకో కొస తొట్టి అంచుకి, తోపుడుబండి మీద పరదా కట్టినట్టు తను కూర్చునే వైపు వాలుగా కట్టింది. మొగుడొచ్చే వేళకి విప్పేసి మడతపెట్టి దాచేసేది. రోజూ ఇదే తంతు. రాయిలో సగం నీడన, సగం నా మంట కింద. నేను ఆవిణ్ణి కూడా అనుమానించాను. నా దీపాలు దొంగిలించే ఎత్తేమో అనుకున్నా. నా పుట్టుక అలాంటిది.

కొన్నాళ్లకి రాయి రెండు రంగులైంది. లోవరాజు దాన్ని చూసి, నీళ్లు తిప్పే మోటారు ఒకవైపే సరిగా కొడుతోందనుకుని మోటారు జరిపాడు. ఏం మారలేదు.

ఆఖరికి గ్రూపులో ఫోటోలు చూసి షమీమ్ గారు ఒక ఆదివారం పొద్దున్నే దిగారు. చేతికర్ర ఒక చేతిలో, మూతున్న బకెట్టు ఒక చేతిలో. ఆ బకెట్టుని చూడగానే లోవరాజు మొహం మాడిపోయింది. రాయి పోవడం ఒకటే కాదు. ఆ బకెట్టు సందు చివరిదాకా వెళ్లిందంటే, అతను చంపేసేవాడన్న మాట ఇక ఈ జన్మకి చెరగదు.

ఆవిడ కూర్చోలేదు. టీ వద్దన్నారు. తొట్టి దగ్గరికొచ్చి వంగి చూశారు.

"ఈ గీతేంటి?"

నిజమే. రాయి మధ్యన గీత గీసినట్టుంది. ఇటు తెలుపు, అటు ఆకుపచ్చ.

"మోటారు దోషమండి," అన్నాడు లోవరాజు.

"నీళ్లు ఇంత తిన్నగా గీత గియ్యవు రాజూ. సరిగ్గా చెప్పు."

అప్పుడు వంటింటి గడప దగ్గర్నుంచి నూకరత్నం ఏడుపు గొంతుతో అందుకుంది. "తప్పు నాదేనండి మేడంగారూ. ఆయన వద్దన్నా ఇనకుండా లైటుకి దోమతెర కట్టేను. కళ్లు మండిపోతున్నాయని కట్టేను. నా వల్లే సచ్చిపోతన్నాది."

లోవరాజు గిర్రున తిరిగాడు. "ఓలే రత్నం! నువ్వు సేసేవా ఈ పని! అడ్డం పెట్టొద్దని సిలక్కి సెప్పినట్టు సెప్పేను గదే!"

"నువ్వాగు," అన్నారు షమీమ్ గారు. "ఎటువైపు కట్టావమ్మా?"

నూకరత్నం తడి చెయ్యి చూపించింది. ఆ చెయ్యి తెలుపు వైపు పోలేదు. ఆకుపచ్చ వైపు పోయింది.

లోవరాజు ఆ చేతినీ రాయినీ, రాయినీ ఆ చేతినీ చూశాడు. షమీమ్ గారు కర్ర గోడకి ఆనించి, నా అడుగున అరచెయ్యి పెట్టారు. వెంటనే తీసేశారు.

"ఎంతలో పెట్టావ్?"

"ఫుల్లండి."

"ఎందుకు?"

"చవకది గదండీ. బలం ఉండదనుకున్నాను."

"నువ్వనుకున్నావా, ఎవరైనా అంటే అనుకున్నావా?"

అతను తల దించుకున్నాడు.

"ఈ పెట్టెని నేనూ నమ్మను," అన్నారావిడ. నాకేం బాధ కలగలేదు. "దాని మీద రాసినదాన్ని అసలు నమ్మను. గ్రూపులో ఆ మహానుభావుణ్ణీ నమ్మను. కానీ ఇదుందే," అని రాయిని చూపించారు, "ఇది రోజూ నీకు చెప్తూనే ఉంది కదయ్యా, సగం ఒంటితో చావుకేక వేసి, సగం ఒంటితో జవాబు చూపించి! దాన్ని తప్ప అందర్నీ అడిగావు."

అతని చేతే రెగ్యులేటర్లు బాగా కిందికి తిప్పించారు. గొలుసు పైకి ఎత్తించారు. పెంచాలంటే వారానికి పిసరంత, పూలు విచ్చుకుంటేనే, అని చెప్పారు. లోవరాజు అన్నీ చేశాక భయంభయంగా బకెట్టు వైపు చూశాడు.

"పట్టుకుపోతారాండీ?"

ఆవిడ మూత తీసి, ఖాళీ బకెట్టుని తొట్టి బల్ల కిందికి కర్రతో తోశారు.

"బకెట్టు ఇక్కడే ఉంటుంది. నిన్ను నమ్మాననుకోకు. ఇలా ఇవ్వమ్మా రత్నం, ఇప్పుడు తాగుతా టీ."

తెల్లబడ్డ పూలలో కొన్ని పోయాయి. అబద్ధమెందుకు. మిగిలినవి నెమ్మదిగా విచ్చుకున్నాయి, తర్వాత రంగు తెచ్చుకున్నాయి, తర్వాత పోయినవాటి జాగాలోకి పాకాయి. లోవరాజు ఫోటో పెడితే కామేశ్వరరావు గారు రాశారు: "ఆ లైటు పరవాలేదని నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాను." ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు కూడా పాత తీర్పు వెతికి చూపించలేదు. గ్రూపులంతే.

ఉప్పు గాలికి నా రేకు తుప్పుపట్టింది. ఒక ఫ్యాను ఆగింది, దీపాలు వరసకొకటి చొప్పున ఆరుతూ వచ్చాయి. వీపు మీది స్టిక్కరు ఊడి పడిపోయింది. ఇన్నాళ్లకి నా ఒంటి మీద అబద్ధం లేదు, కానీ నన్ను కొనేవాడూ లేడు. నన్ను విప్పి సజ్జ మీద పాత కార్బురేటర్ల పక్కన పెట్టారు. పాత ఇనపసామాన్లవాడి కేక వినపడ్డప్పుడల్లా అనుమానం వస్తుంది.

నా జాగాలోకి కొత్త లైటొచ్చింది. గొప్ప పేరున్నది, అద్దంలా మెరుస్తోంది, ఫోన్లోంచే వెలిగిస్తారట. నాకు సజ్జ మీంచి అంతా కనిపిస్తోంది. లోవరాజు బిగించాడు, కిందికి దిగాడు, ఫోను తీశాడు. బొటనవేలు పైకి, ఇంకా పైకి జరుగుతోంది.

"ఏటి సేస్తన్నావ్?" అంది నూకరత్నం, రొయ్యల పళ్లెం ముందునుంచి లేవకుండానే.

"ఏటీ కాదులేవే. ఇది పేరున్న కంపెనీ."

"పేరు నీకు తెలుసు. రాయికి తెలుసా?"

అతని బొటనవేలు ఆగింది.

ఆవిడ లేచింది. చేతులు చీరకి తుడుచుకుంది. బల్ల కిందున్న బకెట్టుని కాలితో బయటికి లాగి, అందులో మడతపెట్టి ఉన్న దోమతెర ముక్క తీసి దులిపింది.