పంజాబీ డ్రెస్సుకు ఆది

రోజా ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. కుప్పం బస్టాండులో బిగుతు జీన్సులేసుకుని బెంగళూరు బస్సెక్కే ఆడపిల్లలను చూసినప్పుడల్లా ఆమెకు నవ్వొస్తుంది. ఎవరూ తలతిప్పి చూడరు మరి! తన ఇంటర్ రోజుల్లో ఎప్పుడైనా బయటూరి నుంచి పంజాబీ డ్రెస్సు వేసుకున్న పిల్ల వచ్చి శాంతిపురం వీధిలో నడిస్తే, టీ అంగట్లో కూర్చున్నవాళ్లు గ్లాసు కిందపెట్టి మరీ చూసేవాళ్లు.

అది తొంభై నాలుగో, తొంభై అయిదో. మగపిల్లలేమో ఇద్దరు దూరేంత బ్యాగీ ప్యాంట్లు తొడుక్కుని, నడుం దగ్గర కుచ్చిళ్లు పోసినట్టు బెల్టు బిగించుకుని తిరిగే కాలం. ఆడపిల్లలకు జడకు వెల్వెట్ రబ్బరు బ్యాండు, నుదుట పాములా మెలికలు తిరిగిన స్టిక్కరు. మదనపల్లెలో, పుంగనూరులో కాలేజీ పిల్లలు అప్పటికే పంజాబీ డ్రెస్సుల్లోకి మారిపోయారు. చున్నీకి రెండు భుజాల మీదా పిన్నీసులు గుచ్చి, ముందువైపు లోతుగా వేలాడేస్తే అదే పెద్ద స్టైలు. శాంతిపురం నుంచి కుప్పం కాలేజీకి వచ్చే రోజా మాత్రం ఇంకా పావడా ఓణీలోనే ఉండేది.

ఆమె క్లాసులో చైతన్య అని, బజారువీధి బట్టలకొట్టువాళ్ల అమ్మాయి ఉండేది. రోజుకో రంగు పంజాబీ డ్రెస్సు, దానికి తగ్గ నోరు.

"ఏమే పావడా! వీడ్కోలు సభకైనా కొత్త మోడల్లో వస్తావా, ఆపొద్దు కూడా ఇట్టనేనా?" అంది ఒకరోజు అందరి ముందరా.

రోజాకు రోషం పొడుచుకొచ్చింది. "నేనొక్కదాన్నే కాదు, మేము నలుగురమూ పంజాబీ డ్రెస్సుల్లోనే వస్తాము, సూస్తావుండు!"

రోజాతో కలిసి కూర్చునే ముగ్గురూ పావడాలవాళ్లే. ఆ మాట విని వాళ్లే నోళ్లు తెరిచారు.

"మాట ఇచ్చేస్తివి. యాడ కుట్టిస్తావే?" అని గిల్లింది వాళ్లలో అనూష.

"మా ఊర్లో ఎల్లప్ప ఉండాడు. బెంగళూర్లో పనిచేసొచ్చినాడు. నా మాటమీద గుడ్డలియ్యండి."

ఎల్లప్ప బెంగళూరులో పనిచేసిన మాట నిజమే. కాకపోతే అక్కడ ఆయన కుట్టింది హోటలువాళ్ల దిండు గలీబులు.

ఆడబిడ్డలకు ఎల్లప్ప టేపు పట్టడు. ఒంటికి సరిపోయే పాత బట్ట ఒకటి కొలతకు ఆదిగా ఇస్తే, దాన్ని గుడ్డమీద పరిచి కత్తిరిస్తాడు. స్నేహితురాళ్లు గుడ్డలతోపాటు తమ రవికలు పంపారు. ఎల్లప్ప వాటిని అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టేశాడు.

"రవికను సూసి ఇంత పొడుగు బట్ట ఎట్ట కత్తిరించేదమ్మా? పంజాబీ డ్రెస్సు కుట్టాలంటే దాని మాదిరి ఆది ఉండాల."

ఊరంతా వెతికినా పంజాబీ డ్రెస్సు ఒక్కటీ లేదు. రోజా తల్లి అంకమ్మ కాసేపు ఆలోచించి, ఇంట్లోకి పోయి తన నైటీ పట్టుకొచ్చింది. బెంగళూరు నుంచి చెల్లెలు తెచ్చింది. భుజాన తువ్వాలు వేసుకుని అంకమ్మ వీధిలోకి కూడా అందులోనే వచ్చేది. ఆమె బాగా నిండైన మనిషి. రోజా అంటారా, అగరొత్తి పుల్ల.

"అమ్మా, అది నీదిమా!"

"అయితే యాల భయం? పైనుంచి కిందికి రెండూ ఒకటే గదా. ఎల్లప్పా, మోకాళ్లకాడ కత్తిరించేస్తే సరిపోతాది. ఎదిగే పిల్ల, రవ్వంత వదులుండనీ."

"నాకు తెలీదా అక్కా? తగ్గించే కుడతాను" అని ఎల్లప్ప కత్తెర అందుకున్నాడు.

సభ రోజు పొద్దున పొట్లాలు ఇచ్చాడు. రోజా ఇంటికొచ్చి తనది తొడుక్కుంది. ఎల్లప్ప అన్నమాట ప్రకారమే తగ్గించాడు, పొడవు మాత్రం! భుజాలు మోచేతుల మీదికి జారాయి. నడుం దగ్గర ఇంకో మనిషికి చోటుంది.

"నేను పోను" అని మంచంమీద కూలబడింది.

"గాలాడతాది, హాయిగా ఉంటాది, పోమ్మే" అంది అంకమ్మ.

పోకుండా ఎలా? మిగతా వాళ్ల పొట్లాలు తన సంచిలోనే ఉన్నాయి. సంచిని కడుపుకు అదుముకుని, ఆ లూజును దాచుకుంటూ బస్సెక్కింది.

కాలేజీలో వెనక గదిలోకి పొట్లాలు అందించి, బయట గోడకేసి నిలబడింది. తనది చెడితే చెడింది, వాళ్లవన్నా బాగుంటాయి కదా అని ఆశ. తలుపు తెరుచుకుంది. మూడు గుడారాలు బయటికొచ్చాయి. దిండు గలీబులు కోసిన చెయ్యి కదా, నాలుగు గుడ్డలూ ఒకదానిమీద ఒకటి పేర్చి, ఆ నైటీతోనే ఒక్కసారిగా కోసిపారేశాడు ఎల్లప్ప.

"నీ మాటమీద ఇచ్చినామే మేము!" అంది అనూష.

రోజాకు కళ్లనిండా నీళ్లు. "మీ పావడాలే కట్టుకుని రండి. మాట ఇచ్చింది నేను. నేనొక్కదాన్నే ఇట్ట పోతా."

అనూష చేతులు రెండూ చాచింది. గాలికి డ్రెస్సు బూరెలా పొంగింది. తనను తాను చూసుకుని కిసుక్కుమంది. మిగతా ఇద్దరూ పగలబడ్డారు.

"ఇంత గుడ్డ పెట్టుకుని నువ్వొక్కదానివే పోయేదా? పిన్నీసులు తేవే!"

చున్నీలు వేలాడేసుకుని, చేతులు పట్టుకుని నలుగురూ మైదానంలోకి నడిచారు. అందరూ ఇటు తిరిగారు. చైతన్య పైనుంచి కిందికి చూసింది.

"ఇదేం మోడలే?"

"శాంతిపురం మోడలు" అంది రోజా. "ఎల్లప్ప కుట్టినాడు. నీకూ కావాల్నంటే సెప్పు, ఆది నేనిస్తా."

ముందు నవ్వింది అనూషే. ఆ తర్వాత ఎవరు నవ్వలేదో చెప్పడం కష్టం.

ఫోటో ఆయన అందరినీ వరుసల్లో నిలబెట్టాడు. ఈ నలుగురినీ ముందు కూర్చోమన్నాడు. కూర్చునేసరికి బట్ట నలువైపులా పరుచుకుని వరుసంతా నిండిపోయింది. పక్కన ఒక్కరికి కూడా చోటు లేదు.

"నువ్వట్ట వెనక్కి పోమ్మా" అన్నాడు ఫోటో ఆయన, చైతన్యను.

ఫోటోలో చైతన్యది పాపిటి ఒక్కటే పడింది.